కొండముచ్చుల నుంచి చంటిపిల్లల పక్క దాకా: జేమ్స్ మెకెన్నా పేపర్ల జాబితా

(మానవశాస్త్ర పరిశోధక విద్యార్థుల కోసం చేసిన ప్రసంగం. రికార్డింగ్ నుంచి రాసినది, స్వల్ప మార్పులతో.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక ఇంత ఎండలో ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం.

పరిశోధకుల ప్రచురణలను, సైటేషన్లను, అంటే ఆ పేపర్లను ఇతరులు తమ పేపర్లలో ఉదహరించిన లెక్కను, ఎలా అంచనా వేయాలో చెప్పమని నన్ను అడిగారు. ఈ ప్రశ్న మీ అందరికీ ఎంత దగ్గరిదో నాకు తెలుసు. పీహెచ్‌డీ సబ్మిట్ చేయాలన్నా, అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలన్నా, ప్రమోషన్ రావాలన్నా ఒక గడి ఉంటుంది. ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు, ఆ రెండిటినీ కలిపి లెక్కేసే హెచ్-ఇండెక్స్ ఎంత. 2010లో యూజీసీ, పేపర్లకు పాయింట్లు వేసే ఏపీఐ స్కోరు తెచ్చినప్పటి నుంచి మన కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఆ గడి నింపే టెన్షన్ ఎలా ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు.

సూత్రాలు చెప్పాలంటే గంటసేపు చెప్పొచ్చు. దాని బదులు ఒక్క మనిషి పేపర్ల జాబితా ముందు పెట్టుకుని మీతో కలిసి చదవాలనుకుంటున్నాను. ఆయన పేరు జేమ్స్ మెకెన్నా. అమెరికాలో నోటర్‌డామ్ యూనివర్సిటీలో చాలాకాలం పనిచేసిన జీవ మానవశాస్త్రవేత్త. తల్లీబిడ్డలు రాత్రిపూట ఎలా పడుకుంటారు, ఎలా పాలు తాగుతారు, ఎలా ఊపిరి తీసుకుంటారు అన్నదాని మీద నలభై ఏళ్ళు పనిచేశారు. ఆంత్రోపాలజీలో మొదలైన మాట పిల్లల డాక్టర్ల జర్నళ్ళలోకి ఎలా వెళ్ళిందో, అక్కడ ఎలాంటి గొడవ లేపిందో ఈ జాబితా వరసగా చదివితే కనబడుతుంది.

జాబితా పైనుంచి కాకుండా కిందనుంచి చదవండి. గూగుల్ స్కాలర్ ఎక్కువ సైటేషన్లున్న పేపర్ని ముందు చూపిస్తుంది. అలా చూస్తే మనిషి ఆలోచన నడిచిన దారి కనబడదు. సంవత్సరాల వారీగా పెట్టుకుని అట్టడుగున ఏముందో చూడండి.

అట్టడుగున ఉన్నవి కోతుల మీద పేపర్లు.

1979లో అమెరికన్ ఆంత్రోపాలజిస్ట్ జర్నల్లో ఆయన ఒక పేపర్ వేశారు. ఆకులు తిని బతికే కోతుల జాతుల్లో పిల్లల్ని కన్నతల్లే కాకుండా గుంపులోని మిగతా ఆడకోతులు కూడా ఎత్తుకుంటాయి కదా, అది ఎందుకు పుట్టింది అన్నది విషయం. ఆ జాతుల్లో మనకు బాగా తెలిసింది కొండముచ్చు. మన గుళ్ళ దగ్గరా, ఊరి చివర చింతచెట్ల మీదా చూస్తూనే ఉంటాం. పెద్ద కొండముచ్చు వెండిరంగులో ఉంటుంది, అప్పుడే పుట్టిన పిల్ల మాత్రం నల్లగా, ముదురు గోధుమరంగులో ఉంటుంది. దూరం నుంచి చూసినా పసిపిల్ల ఎవరి చేతిలో ఉందో తెలిసిపోతుంది. పుట్టిన కొద్ది గంటల్లోనే ఆ పిల్ల చేతులు మారడం మొదలవుతుంది. తల్లి మేతకు పోతుంది, పిల్ల ఇంకో ఆడకోతి ఒళ్ళో ఉంటుంది. మెకెన్నా ఇదంతా శాన్‌డియేగో జూలోని కొండముచ్చుల దగ్గర కూర్చుని గమనించారు.

కోతుల్ని గమనించే ఆ రోజుల్లో చంటిపిల్లల ఆరోగ్యంతో ఆయనకు సంబంధం లేదు. ఆ పేపర్ రాకముందే, 1978లో కొడుకు పుట్టాడు. అందరు తల్లిదండ్రుల్లాగే భార్యాభర్తలిద్దరూ పిల్లల పెంపకం పుస్తకాలు తెచ్చుకుని చదివారు. బిడ్డను వేరే గదిలో, వేరే మంచం మీద, ఒంటరిగా పడుకోబెట్టాలని, రాత్రి ఏడిస్తే వెంటనే ఎత్తుకోకూడదని ఆ పుస్తకాల్లో ఉంది. కోతుల్ని చదివిన మనిషికి ఆ సలహా ఎక్కడి నుంచి వచ్చిందో అంతుపట్టలేదు. ఏ కోతిజాతిలోనూ తల్లి పిల్లను రాత్రిపూట దూరంగా పడుకోబెట్టదు. మనిషి పిల్ల చూస్తే వాటన్నిటికన్నా అపరిపక్వంగా పుడుతుంది. పుట్టినప్పుడు మెదడు పెద్దవాళ్ళ మెదడులో మూడో వంతు కూడా ఉండదు. తల్లిపాలలో కొవ్వు తక్కువ, చక్కెర ఎక్కువ, కాబట్టి తరచుగా తాగాలి. అలాంటి బిడ్డను ఎనిమిది గంటలు ఒంటరిగా ఉంచడం ఆరోగ్యమని ఎవరు పరీక్షించి చెప్పారు? వెతికితే ఎవరూ పరీక్షించలేదని తేలింది. అప్పట్లో పసిపిల్లల నిద్రకు ప్రమాణాలన్నీ ఒంటరిగా పడుకునే, సీసాపాలు తాగే పిల్లల మీదే తయారయ్యాయి. ఆ కొలతల్నే మనిషి పిల్లకు సహజమైన నిద్ర అని పాఠ్యపుస్తకాల్లో రాసుకున్నారు.

ఇక్కడ జాబితాలో కొన్నేళ్ళు ఆగండి. 1986లో మెడికల్ ఆంత్రోపాలజీ అనే జర్నల్లో ఒక పేపర్ కనబడుతుంది. పేజీ నంబర్లు చూడండి: 9 నుంచి 92. ఎనభై పైచిలుకు పేజీల పేపర్! ఈ రోజు ఏ జర్నల్ ఎడిటర్‌కి పంపినా నాలుగు ముక్కలు చేసి నాలుగు పేపర్లుగా పంపమంటాడు. మన స్కోరు పద్ధతి కూడా అదే చెప్తుంది, నాలుగు ముక్కలైతే నాలుగు రెట్లు పాయింట్లు. కానీ ఆ వాదన ముక్కలు చేస్తే నిలబడేది కాదు. కోతుల ప్రవర్తన, శిశువు ఊపిరి శరీరధర్మం, మనిషికి మాట రావడం, ప్రపంచంలో వివిధ సమాజాల్లో పిల్లల్ని పడుకోబెట్టే తీరు, వీటన్నిటినీ ఒకచోట పెడితేగాని ఆ ప్రశ్న అడగడమే కుదరదు.

ఆ ప్రశ్న సిడ్స్ గురించి. ఆరోగ్యంగా ఉన్న చంటిబిడ్డ రాత్రి నిద్రలో హఠాత్తుగా చనిపోతుంది, పోస్టుమార్టం చేసినా కారణం దొరకదు. ఇది ఎక్కువగా రెండు నుంచి నాలుగు నెలల మధ్య పిల్లల్లో జరుగుతుంది. ఆ వయసు ఎందుకు? మెకెన్నా ఊహ ఇది. పుట్టినప్పుడు ఊపిరి దానంతటదే సాగే ప్రతిచర్య. మనిషి మాట్లాడాలంటే ఊపిరిని తన అదుపులోకి తెచ్చుకోవాలి, మెదడు పైభాగాలు అందులో పాలుపంచుకోవాలి. ఈ రెండు పద్ధతులు కలిసి పనిచేయడం మొదలయ్యే వయసు సరిగ్గా ఆ నెలలే. ఆ సంధికాలంలో కొందరు పిల్లల్లో ఊపిరి తడబడవచ్చు. పక్కనే తల్లి ఉంటే ఆమె ఊపిరి చప్పుడు, ఆమె ఛాతీ కదలిక, ఆమె వదిలే గాలి, ఆమె స్పర్శ బిడ్డకు బయటినుంచి అందే సంకేతాలుగా పనిచేసి గాఢనిద్ర నుంచి కాస్త మెలకువ తెప్పించవచ్చు.

ఇది ఊహ మాత్రమేనని ఆయనకూ తెలుసు. పిల్లల డాక్టర్లు ఆంత్రోపాలజీ జర్నల్లో వచ్చిన ఎనభై పేజీల వ్యాసాన్ని చూసి తమ పద్ధతి మార్చుకోరని కూడా తెలుసు. కొలిచి చూపించాలి.

తర్వాత పదేళ్ళలో ఆయన పేపర్ల జర్నల్ పేర్లు ఎలా మారాయో చూడండి. ఈ జాబితాలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. 1990లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజికల్ ఆంత్రోపాలజీ. 1996లో స్లీప్, అంటే నిద్ర పరిశోధకుల జర్నల్. 1997లో పీడియాట్రిక్స్. కోతుల మనిషి పదకొండేళ్ళలో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ సొంత జర్నల్లోకి వచ్చారు. ఒంటరిగా కాదు, శారా మోస్కో, క్రిస్టఫర్ రిచర్డ్ అనే నిద్ర శాస్త్రవేత్తలతో కలిసి. ఇర్విన్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ వైద్య కళాశాల నిద్ర ప్రయోగశాలలో ఆ పని జరిగింది. చాలా పేపర్లలో మోస్కో పేరే ముందుంటుంది. ఎవరి నైపుణ్యం ఎక్కడ ముఖ్యమో అక్కడ వాళ్ళ పేరు ముందు పెట్టారు.

ఆ ప్రయోగశాలలో ఏం జరిగిందో కొంచెం దగ్గరగా చూపిస్తాను. 35 మంది తల్లులు, అందరూ లాటిన్ అమెరికా మూలాలున్న ఆరోగ్యవంతులు, చనుబాలు ఇచ్చేవాళ్ళు. బిడ్డలకు మూడు నాలుగు నెలలు. 20 మంది ఇంట్లో బిడ్డను పక్కలో వేసుకునే అలవాటున్నవాళ్ళు, 15 మంది విడిగా పడుకోబెట్టేవాళ్ళు. ఒక్కో జంట వరసగా మూడు రాత్రులు ల్యాబ్‌లో పడుకుంది. మొదటి రాత్రి అలవాటు పడడానికి. తర్వాత ఒక రాత్రి ఇద్దరూ ఒకే పక్క మీద, ఒక రాత్రి వేర్వేరు గదుల్లో. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ తలమీద, కళ్ళ పక్కన, గడ్డం కింద ఎలక్ట్రోడ్లు. మెదడు తరంగాలు, కళ్ళ కదలిక, ఊపిరి, గుండె, అన్నీ ఒకే కాలరేఖ మీద రికార్డు అవుతున్నాయి. చీకట్లో చూసే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా రాత్రంతా నడుస్తోంది. అప్పటిదాకా నిద్ర ల్యాబుల్లో కొలత అంటే ఎక్కువగా ఒక్క మనిషి కొలతే. ఇక్కడ ఇద్దర్ని ఒకే జంటగా కొలిచారు.

ఆ వీడియోల్లో కనబడిందేమిటి? ఒకే పక్క మీద ఉన్న రాత్రి తల్లీబిడ్డలు చాలాసేపు ఒకరికొకరు ఎదురుగా, మొహాల మధ్య చాలా తక్కువ దూరంతో పడుకున్నారు. బిడ్డ కదిలితే కొద్ది క్షణాల్లో తల్లి కదులుతుంది, తల్లి కదిలితే బిడ్డ కదులుతుంది. ఇద్దరి చిన్న చిన్న మెలకువలూ ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. బిడ్డలు బాగా లోతైన నిద్రలో గడిపే సమయం తగ్గింది, తేలిక నిద్ర పెరిగింది. తల్లి మెలకువలు పెరిగినా ఆమె మొత్తం నిద్ర సమయం తగ్గలేదు. మన ఇళ్ళలో బాలింతలు "రాత్రంతా పాలు తాగుతూనే ఉన్నాడు, అయినా నిద్ర పట్టింది" అంటారే, అదే అక్కడ గ్రాఫుల మీద తేలింది.

పీడియాట్రిక్స్‌లో వచ్చిన పేపర్ పాలు తాగడం గురించి. అలవాటుగా పక్కలో పడుకునే పిల్లలు రాత్రిపూట పాలు తాగిన సమయం, అలవాటుగా విడిగా పడుకునే పిల్లలతో పోలిస్తే సుమారు మూడు రెట్లు. తాగిన సార్లు రెండింతలు, ఒక్కో సారి తాగే సమయం 39 శాతం ఎక్కువ. ఈ అంకెల్ని తర్వాత చనుబాల మీద పనిచేసేవాళ్ళందరూ ఎత్తుకున్నారు. సైటేషన్లు పెరగడానికి పెద్ద కారణం ఇదే. సిడ్స్ ఊహ నిజమా కాదా అన్న గొడవలో లేనివాళ్ళకు కూడా ఈ ఫలితం పనికొచ్చింది.

ఇప్పుడు సైటేషన్ అనే కొలత గురించి చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

సైటేషన్ సూచికను సైన్స్‌లోకి తెచ్చిన మనిషి ఫిలడెల్ఫియాకు చెందిన యూజీన్ గార్ఫీల్డ్. 1955లో సైన్స్ పత్రికలో ఆలోచన బయటపెట్టి, 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తీసుకొచ్చారు. ఆయనకు నమూనా ఎక్కడిదో తెలుసా? వకీళ్ళ దగ్గరిది. 1873 నుంచి అమెరికాలో షెపర్డ్ సైటేషన్స్ అని ఒక సూచిక ఉంది. ఫలానా తీర్పును తర్వాత ఏ కేసుల్లో ఎత్తిచూపారో అందులో ఉంటుంది. అయితే అందులో కేసు పేరు పక్కన ఒక అక్షరం గుర్తు ఉంటుంది. తర్వాతి కోర్టు ఆ తీర్పును అనుసరించిందా, ఇది వేరే సందర్భమని పక్కన పెట్టిందా, కొట్టేసిందా అని ఆ గుర్తు చెప్తుంది. వకీలుకు అది ప్రాణం. కొట్టేసిన తీర్పును పట్టుకుని జడ్జి ముందు నిలబడితే పరువు పోతుంది.

సైన్స్‌లోకి వచ్చేటప్పుడు సూచిక వచ్చింది, ఆ గుర్తులు రాలేదు. ఒప్పుకుని రాసినా, తప్పని రాసినా, ముందుమాటలో మొక్కుబడిగా పేరు చెప్పినా ఒకటే లెక్క. 2005లో భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ హెచ్-ఇండెక్స్ తెచ్చారు. ఒకరి హెచ్ 20 అంటే, కనీసం 20 సైటేషన్లున్న పేపర్లు 20 ఉన్నాయని. ఆ గుర్తులు లేని లెక్క మీదే దాన్నీ కట్టారు.

ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, మెకెన్నా పేపర్లను ఉదహరించినవాళ్ళలో ఆయన్ని గట్టిగా వ్యతిరేకించినవాళ్ళు చాలామంది. 2005లో అమెరికా పిల్లల డాక్టర్ల అకాడమీ, బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే కానీ వేరే పక్క మీద పడుకోవాలని సిఫారసు చేసింది. గదిలో ఉంచాలనే మాట అందులో చేరడం వెనక ఆంత్రోపాలజీ పని ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఒకే పక్క మాత్రం వద్దంది. 2022 సిఫారసులో కూడా, చాలా కుటుంబాలు రకరకాల కారణాలతో బిడ్డను పక్కలో వేసుకుంటాయని గౌరవంగా ఒప్పుకుంటూనే, ఏ పరిస్థితిలోనూ దాన్ని సిఫారసు చేయలేమని రాసింది. 2011లో మిల్వాకీ నగర ఆరోగ్య శాఖ వేసిన పోస్టర్లలో పెద్దమంచం మీద నిద్రపోతున్న చంటిబిడ్డ పక్కన మాంసం కొట్టే కత్తి పెట్టారు. తల్లి శరీరాన్ని కత్తితో సమానం చేయడం ఒక మానవశాస్త్రవేత్తను ఎంత బాధపెడుతుందో ఊహించండి.

ఇదంతా మొండితనం అనుకోవద్దు. వాళ్ళ దగ్గరా ఆధారాలున్నాయి. 2013లో కార్పెంటర్ బృందం ఐదు పాత అధ్యయనాల డేటాను కలిపి, తల్లిదండ్రులు సిగరెట్ తాగకపోయినా, బిడ్డ చనుబాలు తాగుతున్నా, మూడు నెలల లోపు పిల్లల్లో ఒకే పక్క మీద ప్రమాదం ఐదు రెట్లుందని లెక్క తేల్చింది. మరుసటి ఏడాది బ్రిస్టల్‌కు చెందిన పీటర్ బ్లెయిర్ బృందం ఇంగ్లండ్ డేటాతో, సోఫా మీద పడుకోవడం, మద్యం, సిగరెట్ ఈ మూడూ లేనప్పుడు చెప్పుకోదగ్గ అదనపు ప్రమాదం కనబడలేదని రాసింది. రెండూ జాగ్రత్తగా చేసిన పనులే. డేటాలో ఏది ఉంది, ఏది లేదు, మద్యం సమాచారం ఎంతమందికి దొరికింది, ఇలాంటి చోట్ల తేడా వస్తుంది. మీరు లిటరేచర్ రివ్యూ రాసేటప్పుడు ఈ రెండు పేపర్లనూ ఒకే బ్రాకెట్‌లో పెట్టి "అనేక అధ్యయనాలు చెప్పాయి" అని రాసి వదిలేస్తే, మీరు చదవలేదని చదివినవాళ్ళకు తెలిసిపోతుంది.

నా అభిప్రాయం చెప్పమంటే చెప్తాను. పక్కలో పడుకోబెట్టడం సిడ్స్ నుంచి కాపాడుతుందన్న 1986 నాటి ఊహ ఇంతవరకూ రుజువు కాలేదు. 35 జంటల ప్రయోగం దాన్ని రుజువు చేయలేదు కూడా, అంత అరుదైన మరణాన్ని అంత చిన్న సంఖ్యలో పట్టుకోలేం. ఆయన సాధించింది వేరే. పసిబిడ్డ నిద్రను తల్లి నుంచి, పాల నుంచి విడదీసి కొలవడం తప్పు అని చూపించారు. ఇవాళ ఏ ల్యాబ్ అయినా శిశువు నిద్ర కొలిస్తే, ఆ బిడ్డ ఏ పాలు తాగుతోంది, ఎవరి పక్కన పడుకుంటోంది అని రాయకుండా పేపర్ వేయడం కష్టం. 2016లో లీ గెట్లర్‌తో కలిసి ఆక్టా పీడియాట్రికా అనే పిల్లల వైద్య జర్నల్లో బ్రెస్ట్‌స్లీపింగ్ అనే భావన ప్రతిపాదించారు. చనుబాలు తాగుతూ తల్లి పక్కన పడుకునే బిడ్డను ప్రత్యేక వర్గంగా చూడాలని, సీసాపాలతో, సోఫా మీద, తాగిన తండ్రి పక్కన పడుకునే బిడ్డతో కలిపి లెక్కేయొద్దని దాని సారం. ఐదు పేజీల పేపర్. 1986 నాటి ఎనభై పేజీల వాదన ముప్ఫై ఏళ్ళకు ఐదు పేజీల్లో చెప్పగలిగే స్థితికి వచ్చింది.

హెచ్-ఇండెక్స్‌లో కనబడనివి ఇంకా కొన్ని చెప్తాను. 2020లో అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ ఒక ప్రోటోకాల్ ప్రచురించింది. చనుబాలు తాగే బిడ్డ విషయంలో, తెలిసిన ప్రమాదాలేవీ లేనప్పుడు, ఒకే పక్క సిడ్స్‌కు కారణమవుతుందని ఉన్న ఆధారాలు చెప్పడం లేదని అందులో ఉంది. రాసినవాళ్ళలో బ్లెయిర్, మెకెన్నాతోపాటు హెలెన్ బాల్ కూడా ఉన్నారు. బాల్ ఇంగ్లండ్‌లో డరమ్ యూనివర్సిటీ మానవశాస్త్రవేత్త. అక్కడ శిశు నిద్ర ప్రయోగశాల పెట్టి, ఆసుపత్రి వార్డుల్లోకే కెమెరాలు తీసుకెళ్ళి, తల్లి మంచానికి ఆనించి కట్టే చిన్న తొట్టి వాడితే పాలు తాగడం ఎలా మారుతుందో ప్రయోగాలు చేశారు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు తయారుచేసే నైస్ సంస్థ 2021 మార్గదర్శకాల్లో, బిడ్డను పక్కలో వేసుకునే తల్లిదండ్రులకు దాన్ని ఎలా సురక్షితంగా చేసుకోవాలో, ఎప్పుడు అస్సలు చేయకూడదో చెప్పమని సిబ్బందికి రాసింది. ఒక నర్సు తల్లితో మాట్లాడే తీరు మారింది. దానికి ఏ డేటాబేస్‌లోనూ అంకె పడదు.

మన వైపు సంబంధం ఏమిటని అడుగుతారు. ఉంది.

1985లోనే వైద్య పత్రిక లాన్సెట్‌లో డేవిస్ అనే డాక్టర్ హాంకాంగ్‌లో ఇలాంటి మరణాలు చాలా అరుదని రాశారు. అక్కడ పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టేవాళ్ళు. పాశ్చాత్య దేశాల్లో అప్పుడు బోర్లా పడుకోబెట్టమని డాక్టర్లే చెప్పేవాళ్ళు. 1993లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో గాంట్లీ, డేవిస్, మర్కట్ కార్డిఫ్‌లోని బంగ్లాదేశ్ తల్లుల్నీ, వెల్ష్ తల్లుల్నీ ఇంటర్వ్యూ చేసి, బంగ్లాదేశ్ ఇళ్ళలో బిడ్డ రాత్రీ పగలూ మనుషుల మధ్యే, చప్పుళ్ళ మధ్యే ఉంటుందని చూపించారు. హెలెన్ బాల్ బృందం 2012లో బ్రాడ్‌ఫర్డ్ నగరంలో పాకిస్తానీ మూలాలున్న కుటుంబాల్ని తెల్లవాళ్ళ కుటుంబాలతో పోల్చింది. దక్షిణాసియా కుటుంబాల్లో పిల్లలు పెద్దమంచం మీద పడుకోవడం ఎక్కువ, తల్లులు సిగరెట్, మద్యం ముట్టడం బాగా తక్కువ, బిడ్డతో సోఫా మీద నిద్రపోవడం తక్కువ. సిడ్స్ కూడా తక్కువ. అంటే పక్కలో వేసుకోవడం ఒక్కటే విడిగా మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, దాని చుట్టూ ఉన్న జీవితం మొత్తం చూడాలి. ఇది మానవశాస్త్రం వైద్యానికి చెప్పగలిగిన మాట.

బోర్లా పడుకోబెట్టడం సంగతి ఇంకొక్క మాట. 2005లో గిల్బర్ట్ బృందం పాత అధ్యయనాలన్నిటినీ ఏర్చి కూర్చింది. బోర్లా పడుకోబెట్టడం ప్రమాదమని 1970 నాటికే డేటాలో ఉంది, ఎవరూ ఒకచోట చేర్చి చూడలేదని తేలింది. సలహా మారింది 1990ల మొదట్లో. అప్పుడే చూసి ఉంటే ఒక్క బ్రిటన్‌లోనే పది వేలకు పైగా పిల్లలు బతికేవాళ్ళని వాళ్ళ అంచనా. ఆ పాత పేపర్లకు సైటేషన్లు లేకపోలేదు, కలిపి చదివినవాళ్ళే లేరు. ఈ ఒక్క ఉదాహరణ తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

ఇక అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల్లో ఇది ప్రతి పురుడు దగ్గరా వచ్చే సమస్య. కూతురి పురుటికి ఇక్కడి నుంచి అమ్మ వెళ్తుంది. ఆమె దృష్టిలో చంటిబిడ్డ పక్కలోనే ఉండాలి. ఆసుపత్రిలో నర్సు బిడ్డ తొట్టిలోనే పడుకోవాలని కాగితం మీద సంతకం పెట్టించుకుంటుంది. బాలింత మధ్యలో నలిగిపోతుంది. చాలామంది అమ్మాయిలు ఇంట్లో పక్కలో వేసుకుంటారు, డాక్టర్ అడిగితే తొట్టిలో అని చెప్తారు. ఈ అబద్ధమే అసలు ప్రమాదం. డాక్టర్‌కు నిజం చెప్తేనే కదా మెత్తటి దిండ్లు తీసేయమని, బరువైన కంఫర్టర్ బిడ్డ మీద పడకుండా చూడమని, తండ్రి మందు తాగిన రాత్రి బిడ్డను పక్కలో వేసుకోవద్దని, నెలలు నిండని బిడ్డ అయితే అస్సలు వద్దని, ఎంత అలిసిపోయినా సోఫాలో బిడ్డతో నిద్రపోవద్దని చెప్పగలిగేది? అక్కడి అమ్మమ్మలకూ నేను ఇదే చెప్తాను. మన ఊళ్ళో చాప మీద, నులకమంచం మీద పల్చటి బొంత పరిచి పడుకోబెట్టే పద్ధతి వేరు, అక్కడి కుంగిపోయే మెత్తటి పరుపు వేరు.

మన దగ్గరి పరిస్థితి వేరే. పురిట్లో పోయే పిల్లలు ఎక్కువగా నెలలు నిండక, బరువు తక్కువై, ఇన్‌ఫెక్షన్లతో, పుట్టగానే ఊపిరి అందక పోతున్నారు. ఆ దిశలో డాక్టర్ అభయ్ బంగ్ బృందం మహారాష్ట్రలోని గడ్చిరోలిలో చేసిన పని, 1999లో లాన్సెట్‌లో వచ్చింది, మీరందరూ చదవాలి. ఊళ్ళోని ఆడవాళ్ళకే శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరే నవజాత శిశువులను చూసుకునేలా చేసి, మరణాలను 62 శాతం తగ్గించారు. ఆ తర్వాత దేశమంతటా ఆశా కార్యకర్తలు బాలింత ఇంటికి వెళ్ళి బిడ్డను చూసే పద్ధతి దాని నుంచే వచ్చింది. గడ్చిరోలి అంటే మన తెలంగాణ సరిహద్దే. ప్రాణహిత దాటితే చాలు.

ప్రశ్నలకు సమయం ఇమ్మంటున్నారు. అడగండమ్మా.

(వెనక వరస నుంచి ఒక విద్యార్థిని: సార్, మేము ఆంత్రోపాలజీ జర్నల్లో వేయాలా, మెడికల్ జర్నల్లో వేయాలా? మెడికల్‌లో వేస్తే మా వాళ్ళు చదవరు, ఇక్కడ వేస్తే డాక్టర్లు చదవరు.)

మంచి ప్రశ్న. నీ టాపిక్ ఏమిటమ్మా? బాలింతల ఆహారమా. సరే. మెకెన్నా వరస చూశావు కదా. ముందు తనవాళ్ళ జర్నల్లో మొత్తం వాదన పెట్టారు, ఆ తర్వాతే కొలతలతో అవతలివాళ్ళ జర్నల్లోకి వెళ్ళారు. ముందే వెళ్ళి ఉంటే కొలతలే మిగిలేవి, ఆ కొలతలు ఎందుకు తీశారో ఎవరికీ అర్థమయ్యేది కాదు. నీ పెద్ద వ్యాసం ఆంత్రోపాలజీలో రాయి. బాలింతకు ఏ రోజు ఏం పెట్టారు, ఎవరు పెట్టారు, ఎందుకు వద్దన్నారు, కారప్పొడి అన్నం ఎన్నో రోజు మొదలుపెట్టారు, అన్నీ రాయి. దాంట్లోంచి కొలవగలిగిన ఒక్క ప్రశ్న తీసుకుని, ఒక పిల్లల డాక్టర్‌నో న్యూట్రిషన్ వాళ్ళనో కలుపుకుని వైద్య జర్నల్‌కు పంపు. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, తార్నాకలో, వెళ్ళి మాట్లాడు.

(మరొకరు: సార్, సైటేషన్లు రావడానికి ఎంతకాలం పడుతుంది?)

మన సబ్జెక్టులో ఆలస్యం అవుతుంది, బాబూ. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఒక జర్నల్ పేపర్లకు సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్న లెక్క, మామూలుగా రెండేళ్ళ కిటికీలో లెక్కేస్తారు. ఫీల్డ్‌వర్క్‌కే ఒక ఏడాది, రాయడానికి ఇంకో ఏడాది పట్టే శాస్త్రంలో, నీ పేపర్ చదివి ఇంకొకరు ఫీల్డ్‌కు వెళ్ళి వచ్చి రాసేసరికి ఆ కిటికీ మూసుకుపోతుంది. పైగా మనవాళ్ళు పుస్తకాలు ఎక్కువ ఉదహరిస్తారు, ఆ డేటాబేసులకు పుస్తకాలు సరిగ్గా అందవు. కాబట్టి దరఖాస్తులో అంకె రాయమంటే రాయి, కింద రెండు వాక్యాలు కూడా జతచెయ్యి. నీ పేపర్‌ను ఎవరు, ఏ పనికి వాడుకున్నారో రాయి. జిల్లా ఆసుపత్రి నర్సుల శిక్షణలో వాడారా? రాయి. ఎవరైనా నీతో విభేదించి పేపర్ వేశారా? అదీ రాయి, వాళ్ళ అభ్యంతరం ఏమిటో, నీ జవాబు ఏమిటో కూడా. ఇంటర్వ్యూలో కూర్చున్న ప్రొఫెసర్ ఆ రెండు వాక్యాల మీదే నిన్ను అడుగుతాడు, నువ్వు మాట్లాడగలుగుతావు.